లోహం మరచిపోదు: అలసటనూ పగులునూ కంప్యూటర్ ఎంతవరకు లెక్కగట్టగలదు?

సెంట్రింగ్ పని జరిగేచోట బైండింగ్ వైరును చేత్తో తెంపడం చాలామంది చూసే ఉంటారు. కట్టర్ అందుబాటులో లేకపోతే తీగను రెండు చేతులా పట్టుకొని ఒకేచోట అటూ ఇటూ వంచుతారు. కొన్నిసార్లు వంచాక టక్కున తెగుతుంది. వెంటనే తెగినచోట వేలు పెడితే వెచ్చగా తగులుతుంది. అదే తీగను రెండు కొసలూ పట్టుకొని లాగి తెంపాలని చూస్తే చేతులు కోసుకుపోవడమే తప్ప పని జరగదు.

తెగకముందు ఆ తీగ ఎలా ఉందన్నది గమనించాల్సిన సంగతి. సగం సార్లు వంచి, మళ్లీ సాపు చేసిన తీగను కొత్త తీగ పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. తూకం అంతే, మందం అంతే. కానీ దాని ఆయుష్షులో సగం అయిపోయింది. లోహానికి జ్ఞాపకం ఉంటుంది. తనను ఎటు వంచారో, ఎంత వంచారో, ఎన్నిసార్లు వంచారో లోపల రాసిపెట్టుకుంటుంది. వంతెన గానీ, విమానం గానీ, రైలు పట్టా గానీ ఎప్పుడు విరుగుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టే శాస్త్రానికి ఉన్న కష్టమంతా ఆ రాతను చదవడం దగ్గరే వస్తుంది. ఎంత వంగుతుందో కంప్యూటర్ బాగా చెబుతుంది. ఎంత అలసిందో చెప్పాలంటే దానికి గతం తెలియాలి. ఎప్పుడు పగులుతుందో చెప్పాలంటే మొదటి మచ్చ ఎంత ఉందో తెలియాలి. ఈ రెండు సంగతులూ కంప్యూటర్‌లో పుట్టవు. ఎవరో ఒకరు బయటి నుంచి తెచ్చి ఇవ్వాల్సిందే.

గళ్లుగా కోసి లెక్కకట్టడం

దూలం మీద బరువు పెడితే ఎంత కుంగుతుందో చెప్పడానికి పాఠ్యపుస్తకంలోని సూత్రం చాలు. అదే వంపులు తిరిగిన విమానం బాడీ, దానికి కిటికీలు, తలుపులు, వేలకొద్దీ రివెట్లు అంటే ఏ సూత్రమూ సరిపోదు. అప్పుడు ఆ వస్తువును లక్షల చిన్న ముక్కలుగా ఊహిస్తారు. ఒక్కో ముక్కనూ ఒక స్ప్రింగులా చూసి, పక్క ముక్కతో కలిసే మూలల దగ్గర బలాలు సరితూగేలా సమీకరణాలు రాస్తారు. ముక్కలు లక్షల్లో ఉంటే సమీకరణాలూ లక్షల్లోనే ఉంటాయి. వాటన్నిటినీ ఒకేసారి సాధించడం కంప్యూటర్ పని. ఇదే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. దీని గణిత బీజం 1943లో రిచర్డ్ కూరంట్ రాసిన పత్రంలో ఉంది. 1956లో బోయింగ్‌కు చెందిన టర్నర్, ఆయన సహచరులు విమాన నిర్మాణానికి పనికొచ్చే రూపంలో దీన్ని ప్రచురించారు. ఆ సహచరుల్లో ఒకరైన రే క్లఫ్ 1960లో దీనికి ఈ పేరు పెట్టారు.

ఈ పద్ధతిని ప్రపంచమంతటా తరగతి గదుల్లోకి తీసుకెళ్లినవాళ్లలో వరంగల్‌లో పుట్టి, ఉస్మానియాలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన జె.ఎన్. రెడ్డి ఒకరు. పొరలు పొరలుగా అతికించిన కాంపోజిట్ పలకల కోసం 1984లో ఆయన ఇచ్చిన సిద్ధాంతాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. అంతకుముందు వాడుకలో ఉన్న సిద్ధాంతం పలక మందం పొడవునా కోత వికృతి (పొరలు ఒకదాని మీద ఒకటి జారినట్టు వచ్చే వంకర) ఒకేలా ఉంటుందని అనుకొని, తర్వాత ఒక దిద్దుబాటు గుణకం తగిలించేది. రెడ్డి సిద్ధాంతంలో అది పలక పై ముఖం, కింది ముఖం దగ్గర దానంతటదే సున్నా అవుతుంది. గుణకంతో పనిలేదు. 2019లో ఆయనకు మెకానిక్స్ రంగంలో చాలా పెద్ద గౌరవమైన టిమోషెంకో పతకం వచ్చింది.

బరువు తీసేస్తే వస్తువు మళ్లీ మొదటి రూపానికి వచ్చేంతవరకు లెక్క నిజంగానే సులువు. ఇప్పటి ల్యాప్‌టాప్ మీద కూడా నమ్మదగిన జవాబు వస్తుంది. హద్దు దాటి శాశ్వతంగా వంగినప్పుడే జ్ఞాపకం మొదలవుతుంది. పెళ్లి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానాను ఒక్క బెత్తెడు జరపాలంటే మొత్తం పట్టి లాగడం కష్టం. ఒక అంచున మడత లేపి, ఆ మడతను అటు చివరిదాకా తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. లోహంలోని అణువుల వరుసలు కూడా అలాగే జరుగుతాయి. ఆ మడతల్లాంటి లోపాలను డిస్లొకేషన్లు అంటారు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ముగ్గురూ విడివిడిగా ఈ సంగతి చెప్పారు. వంచినకొద్దీ డిస్లొకేషన్లు పెరిగి, ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుపడతాయి. ఒకవైపు లాగిన లోహం ఆ తర్వాత రెండోవైపు నొక్కితే ముందుకన్నా తొందరగా లొంగిపోతుంది కూడా. కంప్యూటర్‌కు ఆ చిక్కులన్నీ చూసే తీరిక లేదు. అందుకే ప్రతి ముక్కకూ కొన్ని అంకెలు అప్పజెబుతారు. ఇప్పటివరకు శాశ్వతంగా ఎంత సాగింది, ఎటు సాగింది, ఎంత గట్టిపడింది అనేవి ఆ అంకెల్లో ఉంటాయి. లోహానికి ఉన్న జ్ఞాపకాన్ని నాలుగైదు అంకెల్లోకి కుదించడమే ఈ మోడళ్లన్నిటి సారం. ఎంత కుదిస్తే అంత పోతుంది.

జవాబు రంగురంగుల బొమ్మగా వస్తుంది. ఎరుపు ఉన్నచోట స్ట్రెస్ (ఒక్కో చదరపు మీటరు మీద పడే బలం) ఎక్కువ, నీలం ఉన్నచోట తక్కువ. ఆ బొమ్మను చూసి మోసపోవడం ఎంత తేలికో నార్వే వాళ్లకు తెలిసొచ్చింది. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున నిలబెట్టాల్సిన స్లెయిప్నర్ ఏ అనే గ్యాస్ ప్లాట్‌ఫాం కోసం 24 గదులున్న పెద్ద కాంక్రీటు పునాదిని కట్టారు. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ దగ్గరి ఫియోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) దాన్ని మెల్లగా నీటిలోకి దించుతూ పరీక్షిస్తున్నారు. నీటి లోతు సుమారు 65 మీటర్లకు చేరేసరికి ఒక గోడ పగిలింది. ఆ లోతులో ప్రతి చదరపు మీటరు మీదా 65 టన్నుల నీటి బరువు పడుతుంది. పంపులు తోడలేనంత వేగంగా నీళ్లు లోపలికి వచ్చాయి. పునాది మొత్తం మునిగి, అడుగున ముక్కలైపోయింది. ప్రాణనష్టం జరగలేదు గానీ మొత్తం నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు.

విచారణలో తేలింది ఇది. గుండ్రటి గదులు మూడేసి కలిసేచోట మధ్యలో మూడు మూలల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ చుట్టూ ఉన్న గోడల దగ్గర మోడల్‌లో ముక్కలు మరీ పెద్దవిగా, పైగా వంకరగా గీశారు. దాంతో అక్కడి కోత స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చింది. ఆ అంకెను నమ్మి గోడలు పలుచగా కట్టారు. ఆ మూలల్లో ఇనుప కడ్డీలను కూడా చాలినంత లోపలిదాకా పెట్టలేదు. ప్రమాదం తర్వాత అవే గోడలకు సన్నని ముక్కలతో లెక్క మళ్లీ కడితే 62 మీటర్ల దగ్గర పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 దగ్గర. పద్ధతిలో తప్పు లేదని, దాన్ని అడిగిన తీరులోనే తప్పుందని ఆ మూడు మీటర్ల దగ్గరితనం చెబుతుంది. ఎక్కడ సన్నగా కోయాలో ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా ఏమీ చెప్పలేదు. చేత్తో రఫ్‌గా లెక్క వేసి, ‘ఈ మూలలో ఇంత రావాలి కదా’ అని అనుమానించే అలవాటు ఉన్న ఇంజినీరు ఆ గదిలో ఒక్కరున్నా బాగుండేది.

ఒకటే బరువు, లక్షసార్లు

స్లెయిప్నర్ ఒక్కసారి బరువు పడితే విరిగింది. ఎక్కువ వస్తువులు అలా విరగవు. విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి సుమారు 350 కిలోమీటర్లు. 915 మిల్లీమీటర్ల చక్రం ఆ దూరంలో 1.2 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఇరుసు పై అంచు కిందికి, కింది అంచు పైకి వస్తాయి. అంటే అదే చోటు ఒకసారి సాగి, ఒకసారి నలుగుతుంది. బైండింగ్ వైరును అటూ ఇటూ వంచడం లాంటిదే ఇది. కాకపోతే కంటికి కనపడనంత కొద్దిగా జరుగుతుంది. 19వ శతాబ్దంలో జర్మనీలో అగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఒక్కసారి పెడితే ఏమాత్రం హాని చేయని బరువు కూడా లక్షలసార్లు పడితే విరగ్గొడుతుందని చూపించాడు. దీన్నే లోహపు అలసట అంటారు. స్ట్రెస్ ఎంతైతే ఎన్ని సార్లు తట్టుకుంటుందో చెప్పే గ్రాఫులు ఇప్పటికీ ఆయన పేరుతోనే చెలామణి అవుతున్నాయి.

నిజ జీవితంలో బరువు ఎప్పుడూ ఒకేలా ఉండదు. వంతెన మీద ఒకసారి ఆటో వెళ్తుంది, ఒకసారి కంకర లారీ వెళ్తుంది. పామ్‌గ్రెన్, ఆయన తర్వాత 1945లో మైనర్ చెప్పిన కూడిక పద్ధతి దీనికి చాలా సాదా పరిష్కారం. ఒక్కో బరువూ ఆయుష్షులో ఎంత వంతు తింటుందో విడివిడిగా లెక్కకట్టి కలపాలి, కూడిక 1 అయితే ఆయుష్షు తీరినట్టు. ఇప్పటికీ ఎన్నో సాఫ్ట్‌వేర్లలో ఇదే ఉంది. కానీ కూడికలో ఏది ముందు, ఏది వెనుక అన్న తేడా లేదు. లోహానికి మాత్రం ఆ తేడా ఉంది.

అది ఎంత ప్రమాదమో కామెట్ విమానం చూపించింది. ప్రపంచంలో మొదటిసారి ప్రయాణికులను మోసిన ఈ బ్రిటిష్ జెట్ విమానాలు రెండు 1954లో గాలిలోనే విచ్ఛిన్నమయ్యాయి. జనవరి 10న ఎల్బా దీవి దగ్గర ఒకటి, ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర ఇంకొకటి కూలాయి. మొత్తం 56 మంది చనిపోయారు. ఒకటి సుమారు 1,290, ఇంకొకటి సుమారు 900 సార్లు మాత్రమే గాలి పీడనం ఎక్కించుకొని ఎగిరాయి. ఫార్న్‌బరోలో మరో కామెట్ బాడీని పెద్ద నీటి తొట్టెలో పెట్టి, పీడనం ఎక్కిస్తూ దించుతూ పరీక్షిస్తే మొత్తం 3,057 సార్ల దగ్గర పగిలింది. మరి తయారీదారులు ముందే చేసిన పరీక్షలో అలాంటి బాడీ భాగం 16,000 సార్లు ఎలా తట్టుకుంది?

ఆ పరీక్షలో వాడిన భాగానికి అంతకుముందే బలం చూసేందుకు మామూలు కన్నా దాదాపు రెట్టింపు పీడనం ఎక్కించారు. ఆ దెబ్బకు స్ట్రెస్ ఎక్కువగా ఉండే మూలల్లో కొద్దిపాటి లోహం శాశ్వతంగా సాగింది. పీడనం తీయగానే చుట్టూ ఉన్న లోహం తన రూపానికి తిరిగొస్తూ ఆ సాగిన భాగాన్ని నలుమూలల నుంచీ నొక్కి పట్టుకుంది. పగులు పుట్టాల్సిన చోట ఎప్పుడూ నొక్కుడు ఉంటే పగులు నోరు తెరవలేదు. అంటే పరీక్ష చేసినవాళ్లు తెలియకుండానే ఆ భాగానికి వైద్యం చేసి, ఆరోగ్యం బాగుందని రాసుకున్నారు. ప్రయాణికులు ఎక్కిన విమానాలకు ఆ వైద్యం జరగలేదు. ముందు పెద్ద బరువు పడితే తర్వాతి చిన్న బరువులకు పగులు నెమ్మదిగా పెరుగుతుందన్న ఈ విచిత్రానికి, పగులు ముఖాలు బరువు పూర్తిగా తగ్గకముందే ఒకదానికొకటి తగులుకుంటాయని 1970 ప్రాంతంలో వోల్ఫ్ ఎల్బర్ చూపించిన సంగతి కూడా ఒక వివరణ ఇచ్చింది.

తొమ్మిది నానోమీటర్లు

అలసట లెక్కను మలుపు తిప్పింది అమెరికా ఇంజినీరు పాల్ పారిస్. పగులు ఎప్పుడు పుడుతుందని తల పట్టుకునే బదులు, పగులు ఉందనే అనుకుందాం, ఒక్కో విడతకూ ఎంత పెరుగుతుందో చూద్దాం అన్నాడు. పగులు కొన దగ్గర స్ట్రెస్ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే ఒకే ఒక్క అంకె ఉంది. అది స్ట్రెస్‌ను బట్టీ, పగులు పొడవు వర్గమూలాన్ని బట్టీ పెరుగుతుంది. పగులు వేగం ఆ అంకెను బట్టే, చాలా లోహాల్లో దాదాపు దాని ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఇంత సాదా ఆలోచనను అప్పటి పెద్ద జర్నళ్లు తిప్పి పంపాయి. చివరికి 1961లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ల పత్రికలో అది అచ్చయింది. ఇప్పుడు ప్రపంచంలో ఎగిరే ప్రతి పెద్ద విమానం తనిఖీ లెక్క వెనుకా ఆ ఆలోచనే ఉంది.

ఒక ఉదాహరణ వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. అల్యూమినియం రేకు, అందులో 1 మిల్లీమీటరు పగులు, ఎగిరిన ప్రతిసారీ 100 మెగాపాస్కల్ స్ట్రెస్ వచ్చి పోతుంది అనుకుందాం. అల్యూమినియం మిశ్రలోహాలకు నప్పే స్థిరాంకం, ఘాతం 3 తీసుకుంటే మొదట్లో ఒక్కో ఫ్లైట్‌కు పగులు పెరిగేది సుమారు 9 నానోమీటర్లు. అంటే 30 అణువుల వరస. అలా పెరుగుతూ 25 మిల్లీమీటర్లకు చేరి రేకు విరగడానికి దాదాపు 1,82,000 ఫ్లైట్లు పడతాయి. ఇందులో 1 నుంచి 2 మిల్లీమీటర్లకు చేరడానికే 66,000 పైచిలుకు పోతాయి. చివరి 12.5 మిల్లీమీటర్లు మాత్రం 19,000 లోపే అయిపోతాయి. ఆయుష్షులో ఎక్కువ భాగం పగులు కంటికి ఆననప్పుడే గడిచిపోతుంది.

ఇప్పుడు అంకెలు మార్చి చూడాలి. మరింత మంచి లోహం వాడి, 50 మిల్లీమీటర్ల పగులు వరకు తట్టుకునేలా చేస్తే ఆయుష్షు పెరిగేది 7 శాతమే. మొదటి పగులు 1 బదులు అర మిల్లీమీటరే అయితే 50 శాతం పైన పెరుగుతుంది. స్ట్రెస్‌ను 10 శాతం తక్కువగా అంచనా వేస్తే నిజమైన ఆయుష్షు లెక్కలో వచ్చినదానికన్నా పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. స్లెయిప్నర్‌లోలాగా 47 శాతం తేడా వస్తే ఇక చెప్పేదేముంది. కోట్ల సమీకరణాలు సాధించే యంత్రం ఇచ్చే జవాబు చివరికి ‘మొదటి పగులు ఎంత?’ అన్న ఒక్క అంకె మీద వేలాడుతోంది. ఆ అంకె ఫ్యాక్టరీలో డ్రిల్ వేసిన మనిషి చేతిలో, దాన్ని తనిఖీ చేసిన మనిషి కంటిలో ఉంది.

ఒక్క పగులు ఉంటేనే ఇంత. చాలా ఉంటే? 1988 ఏప్రిల్ 28న హవాయిలో హీలో నుంచి హోనోలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానానికి 24,000 అడుగుల ఎత్తులో ముందు భాగం పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడి ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాలిలో కొట్టుకుపోయి చనిపోయారు. మిగతావారితో పైలట్లు మావీ దీవిలో దించగలిగారు. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496 మాత్రమే. ఎగిరిన సార్లు మాత్రం 89,680. దీవి నుంచి దీవికి పావుగంట, అరగంట ప్రయాణాలు కదా. గంటల లెక్కలో మధ్యవయసు, అలసట లెక్కలో ముసలితనం. పైగా సముద్రపు ఉప్పు గాలి. రేకుల అతుకుల్లో జిగురు ఊడిపోయి, బరువంతా రివెట్ల మీద పడింది. ఒకే వరసలో ఎన్నో రివెట్ రంధ్రాల దగ్గర చిన్న చిన్న పగుళ్లు పుట్టాయి. ఏ ఒక్కటీ విడిగా ప్రమాదకరం కాదు. అన్నీ చేతులు కలిపితే జిప్పు తెరుచుకున్నట్టు తెరుచుకుంటుంది.

ఈ ప్రమాదం తర్వాత అమెరికా వృద్ధ విమానాల మీద పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. అందులో భాగంగా జార్జియా టెక్‌లో విమాన నిర్మాణాల కంప్యూటర్ మోడలింగ్ కోసం ఏర్పాటైన కేంద్రాన్ని నడిపింది గుడివాడలో పుట్టి, కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన సత్య అట్లూరి. రివెట్ల వరసలో పుట్టే పగుళ్లన్నిటి చుట్టూ సన్నని గళ్లు గీయడం, అవి పెరిగినప్పుడల్లా మళ్లీ గీయడం అసాధ్యమైన పని. అట్లూరి బృందం వేరే దారి పట్టింది. పగులే లేనట్టు రేకును ఫైనైట్ ఎలిమెంట్‌తో లెక్కకడతారు. పగులును మాత్రం కాగితం మీద కచ్చితంగా సాధించిన గణిత సూత్రంతో విడిగా లెక్కకడతారు. రెండు జవాబులూ సరిపడేదాకా ఒకదాని తర్వాత ఒకటి దిద్దుకుంటూ పోతారు. పగులు పెరిగితే సూత్రంలో పొడవు మారుతుంది, గళ్లు అలాగే ఉంటాయి. ఎంతో తెలివైన పని ఇది. గళ్లతోనే పనిలేకుండా లెక్కకట్టే పద్ధతుల్లో ఒకదాన్ని కూడా 1998లో ఆయన ప్రతిపాదించారు. 2013లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. ఇంత జరిగినా ఆయన పేరు తెలుగు పాఠకుల్లో చాలామందికి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది.

పగులు దగ్గర గణితం తడబడటం

గళ్లతో ఇంత తంటా ఎందుకంటే, పగులు కొన దగ్గరికి పోయేకొద్దీ స్ట్రెస్ అనంతానికి పోతుందని మామూలు సమీకరణాలు చెబుతాయి. గళ్లు ఎంత సన్నగా చేస్తే అంత పెద్ద అంకె వస్తుంది, ఎక్కడా నిలవదు. 1920 ప్రాంతంలోనే బ్రిటిష్ ఇంజినీరు ఏ.ఏ. గ్రిఫిత్ దీనికి దారి చూపాడు. స్ట్రెస్‌ను పక్కనపెట్టి శక్తిని చూడమన్నాడు. పగులు కొత్త ముఖాలు తెరవడానికి కొంత శక్తి కావాలి, వస్తువులో నిల్వ ఉన్న శక్తి విడుదలై అది సమకూరితేనే పగులు ముందుకు పోతుంది. 1998లో ఫ్రాన్స్‌లో ఫ్రాంక్‌ఫోర్, మారిగో ఈ ఆలోచననే మళ్లీ ఎత్తుకున్నారు. ఆ మార్గంలో పుట్టిన ఫేజ్ ఫీల్డ్ పద్ధతిలో పగులు అంటే పదునైన గీత కాదు, బాగున్న లోహం నుంచి చెడిన లోహానికి మెల్లగా మారే సన్నని మసక పట్టీ. పగులు ఎటు తిరగాలో, ఎక్కడ రెండుగా చీలాలో ముందే చెప్పనక్కర్లేదు. శక్తి తక్కువయ్యే దారి అదే వెతుక్కుంటుంది. గాజు పగిలినట్టు కొమ్మలు కొమ్మలుగా చీలడం ఈ లెక్కల్లో చక్కగా వస్తుంది. కానీ ఆ మసక పట్టీ వెడల్పు ఎంతో ఇంజినీరే ఎంచుకోవాలి. పట్టీలో సన్నని గళ్లు కావాలి కాబట్టి సమయమూ బాగా పడుతుంది.

మరి ఏకంగా అణువుల నుంచే మొదలుపెట్టి లెక్కకట్టకూడదా? అణువుల కదలికను లెక్కించాలంటే ఒక్కో అడుగూ సెకనులో పది కోట్ల కోట్ల వంతు ఉండాలి. ఒక్క సెకను కాలానికే ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టినన్ని అడుగులు. విమానం ఒక్క ప్రయాణం కూడా అలా లెక్కకట్టలేం, 89,680 సార్లు మాట దేవుడెరుగు. అణువుల లెక్క డిస్లొకేషన్లు ఎలా కదులుతాయో నేర్పుతుంది, ఆ పాఠం పై స్థాయి మోడళ్లకు అంకెలు ఇస్తుంది. అంతకుమించి దాని నుంచి ఇప్పట్లో ఆశించలేం.

అందుకే ఇప్పటి విమానాల్లో లెక్క అడిగే ప్రశ్న మారింది. ‘ఎప్పుడు విరుగుతుంది?’ అని అడగడం మానేసి, ‘కనిపించేంత పగులు, ప్రమాదకరమైన పగులుగా మారడానికి ఎంతకాలం పడుతుంది?’ అని అడుగుతారు. పై ఉదాహరణలో తనిఖీ పరికరం 2 మిల్లీమీటర్ల పగులును పట్టుకోగలదనుకుంటే, అక్కడి నుంచి విరగడానికి 1,15,000 ఫ్లైట్లు ఉన్నాయి. అందులో సగానికన్నా ముందే ఒకసారి తనిఖీ చేస్తే, ఒకసారి తప్పిపోయినా పట్టుకోవడానికి ఇంకో అవకాశం మిగులుతుంది. పరికరం 4 మిల్లీమీటర్లయితే గానీ చూడలేదంటే ఆ గడువు 68,000కు పడిపోతుంది.

రైలు పట్టాలకూ ఇదే పద్ధతి. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం నింపుకొని విశాఖ వైపు దిగే బళ్లు తొక్కే పట్టాకూ, రోజుకు రెండు ప్యాసింజర్లు పోయే పట్టాకూ తనిఖీ గడువు ఒకటి కాదు. క్యాలెండర్ చూసి కాకుండా, ఆ పట్టా మీదుగా మొత్తం ఎన్ని లక్షల టన్నులు పోయాయో చూసి దాన్ని నిర్ణయిస్తారు. గడువు రాగానే అల్ట్రాసోనిక్ పరికరం (చెవికి అందని ధ్వనితో లోపలి లోపాలను వెతికేది) బిగించిన చిన్న ట్రాలీని తోసుకుంటూ సిబ్బంది ఎండలో నడుస్తారు. ప్రోబ్‌కూ పట్టాకూ మధ్య గాలి సందు ఉంటే ధ్వని లోపలికి పోదు. అందుకే నీళ్ల డబ్బా వెంట ఉంటుంది, పట్టా తడుస్తూ ఉంటుంది. తెర మీద ఉండకూడని చోట ప్రతిధ్వని లేస్తే ఆగి, మళ్లీ చూసి, పట్టా మీద పెయింటుతో గుర్తు వేస్తారు. లోపం ఎంత ఉందన్నదాన్ని బట్టి ఆ ముక్కను వెంటనే తీసేయాలా, కొంతకాలం కనిపెట్టి చూడాలా అన్నది అప్పుడు తేలుతుంది.